నాగూరమ్మ దాచుకున్న మాట

నాగూరమ్మకు మూడు రకాల ఇన్షాల్లాలు తెలుసు. ఆ తెలివి కోసమే ఢిల్లీ వాళ్ళు రాయచోటి దాకా కారు పంపించారు.

“పెద్ద షేకు ఇన్షాల్లా అంటే ఆ పని కాదని. ఆయన పెండ్లాము అంటే రేపో ఎల్లుండో చూద్దాములే అని. ఆమె తల్లి ముసలామె అన్న్యాదంటే మాత్రం అయిపోయినట్టే, ఇంక రెండోసారి అడగబల్లే,” అని ఆమె చెప్పినప్పుడు హైదరాబాదు ప్రయోగశాలలో కూర్చున్న పెద్దమనుషులు నవ్వలేదు. బుద్ధిగా రాసుకున్నారు. తన మాటను ఎవరైనా కాగితం మీద పెట్టడం అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆమెకు అదే మొదటిసారి.

సాఫియా, మర్వా అనే రెండు దేశాల మధ్య ఉన్న ఇరుకు సముద్రం అప్పటికి రెండు నెలలుగా మూతబడి ఉంది. పటంలో చూస్తే రెండూ వేలిగోరంత దేశాలు. నడుమ మనిషి నిలవని బండరాయి దీవి ఒకటి. అది మాదంటే మాదని ఇద్దరూ పడవలు అడ్డం పెట్టుకున్నారు. పిట్టపోరు పిల్లి తీర్చిందన్నట్టు పెద్ద దేశాల యుద్ధనౌకలు అప్పుడే ఆ చుట్టుపక్కల తిరగడం మొదలుపెట్టాయి. ఆగిపోయిన ఓడల్లో మనవాళ్ళు పదకొండు వందల మంది ఉన్నారు. ఆ రెండు దేశాల్లో ఇళ్ళల్లో, కొట్లలో, రోడ్ల మీద బతికేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. వాళ్ళలో నాగూరమ్మ చెల్లెలి కూతురు హుసేనమ్మ ఒకతె. మర్వాలో ఎవరింట్లోనో వంట చేస్తోంది. ఆమె ఫోను కలిసి ఇరవై రోజులైంది.

భారతదేశం రెండు పక్షాలనూ హైదరాబాదుకు పిలిచింది. ఇద్దరిలో ఎవరితోనూ చెడగొట్టుకోలేనివాడు మధ్యవర్తి కాక ఏమవుతాడు? సాఫియా తరఫున వస్తున్నది ఆ దేశపు విదేశాంగ మంత్రి షేక్ ధారీ. ఆయన్ను పొత్తిళ్ళలో ఉన్నప్పటి నుంచి తొమ్మిదో ఏడు దాకా పెంచింది మన నాగూరమ్మే. పదేళ్ళు ఆ ఇంట్లో చేసి, ఆమె తిరిగొచ్చి ముప్ఫై నాలుగేళ్ళు దాటింది.

చర్చల్లో ఆయన మాటల వెనకున్న భావం పట్టడానికి ఆ ప్రయోగశాలలో ఒక యంత్రం సిద్ధం చేశారు, దాని పేరు దుబాసి. చూడటానికి బీరువా అంత ఉంటుంది, ముందర ఒక కుర్చీ, కుర్చీకి వేలాడుతూ ఒక మెత్తటి టోపీ. అరబ్బీ దానికి పండితుడికి వచ్చినంత వచ్చు. దానికి రానిది ధారీ ఇంటి అరబ్బీ. ఏ ఇంటికి ఆ ఇంటి భాష ఒకటి ఉంటుంది కదా. మనిషి ఎంత పెద్ద చదువులు చదివినా, అలసిపోయినప్పుడు నోట్లోంచి ఊడిపడేది తొమ్మిదేళ్ళ లోపు నేర్చుకున్న ఆ భాషే. అది దుబాసికి నేర్పాలంటే ఆ ఇంట్లో మెలిగిన మనిషి జ్ఞాపకాలు కావాలి.

దుబాసిని తయారుచేసిన డాక్టర్ హైమవతి తెనాలి మనిషి. నాగూరమ్మ పక్కన స్టూలు మీద కూర్చుని అడిగింది.

“నాగూరమ్మగారూ, బెల్లం పాకం పట్టారు కదా ఎప్పుడైనా?”

“పట్టకుండా ఎట్లుంటా డాక్టరమ్మా?”

“గుర్తు చేసుకున్నప్పుడల్లా జ్ఞాపకం ఆ పాకంలాగా మెత్తబడుతుందండీ. కాసేపటికి మళ్ళీ గట్టిపడుతుంది. మెత్తగా ఉన్నప్పుడే ఈ టోపీ అచ్చు తీసుకుంటుంది. అచ్చు తీశాక…” హైమవతి ఆగింది.

“గట్టిపడదా?”

“పడదమ్మా. జారిపోతుంది. మీకిక ఉండదు.”

నాగూరమ్మ ఆమె మొహంలోకి చూసింది. “నీది పోయిందా ఏమన్నా?”

హైమవతి బల్ల మీద ఉన్న నోటుపుస్తకం తెరిచి చూపించింది. నాగూరమ్మకు చదువు రాదు. హైమవతే చదివింది: “‘నాన్న నాకు సైకిలు నేర్పాడు. కాలవగట్టు మీద. పడ్డప్పుడు నవ్వాడు.’ నా చేతిరాతే. యంత్రాన్ని మొదట నామీదే పరీక్షించుకున్నాను. రోజూ చదువుతాను గానీ ఎవరి నాన్నో ఎవరికో నేర్పినట్టు ఉంటుంది.”

నాగూరమ్మ లోపల లెక్క వేసుకుంది. ఉప్పు తిన్న ఇంటి గుట్టు పరాయివాళ్ళకు చెప్పడం ఒక తప్పు. చెప్పి, దాన్ని పోగొట్టుకోవడం ఇంకో నష్టం. తన బతుకులో బాగున్న రోజులంటూ ఉంటే అవి ఆ సముద్రపు ఒడ్డు ఇంట్లోవే. ఇంటికొచ్చాక మొగుడు తాగి పోయాడు, గుడ్డిదీపంలాంటి కళ్ళతో బీడీలు చుట్టుకుంటూ బతికింది. అప్పుడల్లా ఆమె మనసు పోయి కూర్చున్నది ఆ వంటింటి గడప మీదనే. అయితే హుసేనమ్మ అక్కడ ఇరుక్కుపోయి ఉంది. హుసేనమ్మ లాంటివాళ్ళు ఇంకెందరో ఉన్నారు.

“యాడ ఎయ్యాల వేలిముద్ర?” అంది.

రెండు షరతులు పెట్టారు. ధారీ ఇప్పటి ఫోటో ఆమె చూడకూడదు. కొత్త ముఖం చూస్తే పాతది చెదురుతుందట. ఆమె ఇక్కడుందని ఆయనకూ తెలియకూడదు. ఈ రెండో షరతు ఎందుకో ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, దొంగచాటు పని అని ఆమెకు అర్థమైంది.

ఆరు రోజులు ఆమె టోపీ పెట్టుకుని కళ్ళు మూసుకుని చెప్పింది. నీలం తలుపు ఇల్లు. పొద్దున్నే యాలకులు దంచుతుంటే ఇల్లంతా పాకే వాసన. మేడ మీద ఎండబెట్టిన చేపల పక్కనే తాను దొంగతనంగా ఎండబెట్టుకున్న కడప మిరపకాయలు, వాటిని ఖర్జూరాలనుకుని కొరికి ఊరంతా వినబడేలా ఏడ్చిన మూడేళ్ళ ధారీ. నాగూరమ్మ అని నోరు తిరగక వాడు ‘గూరా’ అని పిలిచేవాడు. ఈమె వాడిని ‘దారీ’ అనేది. “దారి అంటే మా భాషలో బాట రా, నువ్వు యాడికి పోయినా తప్పిపోవు,” అని నవ్వేది. ఏడు రోజులు జ్వరంతో కాలిపోతూ వాడు తల్లిని కాకుండా ఈమె కొంగు పట్టుకుని పడుకోవడం. పెద్ద షేకు కోపం వస్తే గొంతు పెంచడు, తగ్గిస్తాడు. కొడుక్కీ అదే అలవాటు. చిట్టచివరికి, ఇంటికి తిరిగొచ్చే రోజు, టాక్సీ వెనకాల ఒంటి చెప్పుతో పరిగెత్తుకొచ్చిన తొమ్మిదేళ్ళ పిల్లవాడు.

చెప్పిందల్లా పోయింది. ఐదో రోజు పొద్దున హైమవతి మాటవరసకు “మిరపకాయలు కొరికాడన్నారే…” అంటే నాగూరమ్మ “ఎవరూ?” అని అడిగింది. హైమవతి తల తిప్పుకుంది. అరబ్బీ మాటలు నాలుక మీద అలాగే ఉన్నాయి గానీ, ఏ మాట ఎవరి నోట విన్నదో మాత్రం తెలియడం లేదు. ఆ జ్ఞాపకాలన్నీ రెండు వందల పన్నెండు పేజీలుగా అచ్చయి ఒక ఫైలులో చేరాయి.

అన్నీ ఇచ్చింది గానీ ఒకటి మాత్రం ఇవ్వలేదు. ఇంకేమన్నా ఉందా అని అడిగితే “ఏమీ ల్యా” అనేసింది. అబద్ధం ఆడినందుకు లోపల బాధ పడలేదు. అడుగంటా ఊడ్చి ఇచ్చేవాళ్ళు ఎవరుంటారు, విత్తనాలకైనా దోసెడు దాచుకోరూ!

ఆ దాచుకున్నది ఇది. వంటింటి గడప మీద ఒక పిల్లవాడు మూతి ముడుచుకుని కూర్చుంటాడు. చిన్నాన్న కొడుకుతో కొట్లాడి వచ్చాడు. మొహం సరిగ్గా కనబడదు, మొహం ఎప్పుడో ఇచ్చేసింది. చేతులు కనబడతాయి. నాగూరమ్మ ఖాళీ గహ్వా కూజా తెస్తుంది, గహ్వా అంటే యాలకులు వేసిన అరబ్బుల కాఫీ. ముక్కు పొడుగ్గా ఉండే ఇత్తడి కూజా అది, దాన్ని దల్లా అంటారు. పిడి లేని చిన్న గిన్నె ఫింజాన్. దల్లా ముక్కును ఫింజాన్ అంచుకు రెండుసార్లు టింగు టింగుమని తగిలించి, లేని గహ్వా పోస్తుంది. పిల్లవాడు ఒక ఫిర్యాదు చెప్పి, లేని గహ్వా తాగుతాడు. మళ్ళీ పోస్తుంది. ఇంకో ఫిర్యాదు. అరబ్బుల ఇళ్ళల్లో ఫింజాన్ ఊపేదాకా గహ్వా పోస్తూనే ఉంటారు, ఊపితే ఇక చాలని. ఈ పిల్లవాడు కోపమంతా అయిపోయాక ఫింజాన్ ఊపుతాడు. ఊపి, ఈమె దగ్గర నేర్చుకున్న రాయచోటి మాట అంటాడు: “సాలు.” అన్నాక లేచి, ఆ కొట్లాడినవాడి దగ్గరికే ఆడుకోవడానికి పోతాడు.

చర్చలు ఊరి బయట ఒక పాత అతిథి భవనంలో మొదలయ్యాయి. పక్కగదిలో దుబాసి, హైమవతి, మాట తేడా పడితే చెప్పడానికి చెవులకు హెడ్‌ఫోన్లతో నాగూరమ్మ. మధ్యవర్తి పనిలో ఉన్నది ప్రసాదరావు గారు, రిటైరైన రాయబారి. అరబ్బు దేశాల్లో ముప్ఫై ఏళ్ళు నలిగిన మనిషి. విరామం ఇచ్చినప్పుడల్లా పక్కగదికి వచ్చి దుబాసి తెర చూసి పోయేవాడు. మొదటి రెండు రోజులూ యంత్రం బంగారంలా పనిచేసింది. ధారీ గొంతు తగ్గినప్పుడల్లా ‘కోపం’ అని చూపించింది. ఒకసారి ఆయన ఇన్షాల్లా అంటే ‘అమ్మమ్మ పద్ధతి, ఒప్పుకున్నట్టే’ అని చూపించింది. నిజంగానే ఆయన ఒప్పుకున్నాడు. రాతిదీవి చుట్టూ ఇద్దరూ కలిసి గస్తీ తిరగాలనే ముసాయిదా దాదాపు తయారైంది.

మూడో రోజు మధ్యాహ్నం మర్వా ప్రతినిధి పాత గొడవలన్నీ ఏకరువు పెట్టడం మొదలెట్టాడు. తాతల నాటి ముత్యాల పడవల దగ్గర్నుంచి తవ్వాడు. అరగంట గడిచింది. హెడ్‌ఫోన్లో ధారీ గొంతు చాలా మెల్లగా, తనలో తాను అనుకున్నట్టు ఒక మాట అంది.

“సాలు.”

నాగూరమ్మ హెడ్‌ఫోన్లను రెండు చేతులా చెవులకు అదుముకుంది.

తెర మీద అక్షరాలు వచ్చాయి. హైమవతి పైకి చదివింది: “‘సఅలూ’. అరబ్బీలో ‘వాళ్ళు అడిగారు’ అని. కోపం గొంతు. వాళ్ళు అడిగారు కనక తానూ కొత్త కోరికలు అడగబోతున్నాడు. నమ్మకం తొంభై నాలుగు శాతం.”

విరామం ఇచ్చి ప్రసాదరావు లోపలికొచ్చాడు. తెర చూసి ఆయన మొహం వాడిపోయింది. “అయితే సాయంత్రానికి ముసాయిదా కాదంటాడు. ఆయన కాదనకముందే మనమే వెనక్కి తీసుకుంటే మళ్ళీ ఎప్పుడైనా మాట్లాడుకునే వీలుంటుంది. ఆ లేఖ సిద్ధం చేయించండి,” అన్నాడు వెనకున్న గుమాస్తాతో.

“అయ్యా, అది అరబ్బీ కాదు. మా మాట,” అంది నాగూరమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

“సాలు అంటే సాలు. మీరు చాలు అనరా, అదే. నేను ఒట్టి దల్లాతో లేని గహ్వా పోస్తాంటే తాగి తాగి, కోపమంతా అయిపోయినాక అంటాడు ఆ పిల్లోడు. ఇంక పోయి కలిసి ఆడుకుంటాడన్న మాట.”

ప్రసాదరావు ఓపిగ్గానే అడిగాడు. “అమ్మా, మీరు చెప్పినవన్నీ దీంట్లో ఉన్నాయి. ఈ మాట లేదే?”

“నేనే చెప్పలే. దాచి పెట్టుకున్న్యా.”

“నేను మిమ్మల్ని నమ్మొచ్చు,” అన్నాడు ప్రసాదరావు. “ఢిల్లీకి ఏం చెప్పను? యంత్రం తొంభై నాలుగు శాతం అంటోంది, వంటమనిషి కాదంటోంది అనా? రెండు దేశాల యుద్ధం దీని మీద ఆధారపడి ఉందమ్మా.”

హైమవతి టోపీ వైపు చూసింది, చూసి నేల వైపు చూసింది. “పది నిమిషాలు చాలు సార్. ఆ జ్ఞాపకం కూడా అచ్చు తీసుకుంటే దుబాసే సరిదిద్దుకుంటుంది.”

నాగూరమ్మ లేచి కుర్చీలో కూర్చుంది. హైమవతి టోపీ సర్దింది. “కళ్ళు మూసుకుని ఆ గడప గుర్తు చేసుకోండమ్మా,” అంది.

నాగూరమ్మ కళ్ళు మూసుకోలేదు. “ఇదీ ఇచ్చేస్తే వాడు నాకెవురు డాక్టరమ్మా?” అంది. “నేను వానికి ఎవురు? ఇంగ మల్ల నేను ఆ దేశం పోయిండింది నిజమా, అబద్ధమా?”

హైమవతికి సైకిలు సంగతి గుర్తొచ్చిందో ఏమో, గుర్తు రాలేదనే సంగతి గుర్తొచ్చిందో. తన చేత్తోనే ఆ టోపీ తీసేసింది.

“గహ్వా పోసేవాళ్ళను లోపలికి రావద్దని ఎవరూ అనరు కదా సార్?” అంది ప్రసాదరావుతో.

ఆయనకు విషయం అర్థమవడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక లేఖను మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఈ విరామం అయ్యేదాకా నేనేమీ చూడలేదు,” అని హాల్లోకి వెళ్ళిపోయాడు.

నడవాలో గహ్వా చూసుకుంటున్నది ఊళ్ళోని అరబ్బుల పేట బార్కస్ నుంచి పిలిపించిన సాలెహ్ చావుష్. ఆయన తాతలు యెమెన్ నుంచి నిజాము ఫౌజులోకి వచ్చారు. నాగూరమ్మ వేడి దల్లా పక్కన పెట్టి, కడిగి బోర్లించిన ఖాళీ దల్లా తీసుకుంటే ఆయన గుండె ఆగినంత పనైంది.

“ఏం చేస్తున్నవ్ అమ్మా? ఖాళీ దల్లా మెహమాన్ ముంగట పెడ్తవా? ఇజ్జత్ పోతది! ఆళ్ళు లేచి పోతరు!”

“ఒగడు పోడులే,” అంది నాగూరమ్మ. తలమీద కొంగు సర్దుకుని లోపలికి నడిచింది.

హాల్లో సోఫాల మీద తెల్లటి పొడుగు చొక్కాల్లో, తల గుడ్డల్లో తొమ్మిదిమంది ఉన్నారు. అందులో సాఫియా వాళ్ళెవరో, మర్వా వాళ్ళెవరో ఆమెకు తెలియదు. తన బిడ్డ ఎవరో అంతకన్నా తెలియదు. ఒక్కొక్క మొహమే చూసింది. అందరూ పరాయివాళ్ళే. మీసాలున్నవాళ్ళు, నెరిసిన గడ్డాలవాళ్ళు, కళ్ళద్దాలవాళ్ళు. తొమ్మిదేళ్ళు చంకలో వేసుకుని తిరిగినవాణ్ణి పోల్చుకోలేని పెంపకం ఏం పెంపకమని ఆమెకు ఏడుపొచ్చింది. మింగేసుకుని కుడివైపు నుంచి మొదలుపెట్టింది.

టింగు, టింగు. దల్లా వంచింది. మొదటాయన ఫింజాన్ అందుకుని లోపలికి చూశాడు. ఏమీ లేదు. ఆమె వైపు చూసి కనుబొమలు ముడిచాడు. రెండో ఆయన ముసలిది పాపం, చూపానదనుకుని జాలిగా నవ్వి ఫింజాన్ తిరిగిచ్చాడు. మూడో ఆయన పక్కవాడితో గట్టిగా ఏదో అన్నాడు. అవమానం అనే మాట ఆమెకు వినబడింది, ఆ మాట ఆమెకు ఇంకా తెలుసు. మూల నిలబడ్డ ప్రసాదరావు చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. నాలుగో ఆయన అసలు చేయి చాపలేదు.

టింగు, టింగు.

ఐదో మనిషి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆ చప్పుడుకు తల తిప్పాడు. నలభై దాటిన మనిషి, కళ్ళ కింద నల్లటి చారలు. ఫింజాన్ అందుకుని లోపలికి చూశాడు. ఆమె చేతుల వైపు చూశాడు. తర్వాత చాలా నెమ్మదిగా ఫింజాన్ పెదవులకు ఆనించి, లేని గహ్వా చివరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ చాపాడు.

నాగూరమ్మ మళ్ళీ పోసింది. ఆయన మళ్ళీ తాగాడు. హాల్లో అందరూ మాటలు మానేసి చూస్తున్నారు. మూడోసారి తాగి ఫింజాన్ అటూ ఇటూ ఊపాడు.

“సాలు,” అన్నాడు. “సాలు, గూరా.”

లేచి నిలబడి, మర్వా ప్రతినిధి వైపు తిరిగి అరబ్బీలో అన్నాడు. “నా చిన్నప్పుడు ఈమె నా కోపాలన్నీ ఇలా తాగించేది. ఈ మధ్యాహ్నం మీరు చెబుతుంటే నాకు ఈ ఖాళీ ఫింజానే గుర్తొచ్చింది. మా తాత ఫిర్యాదులు, మీ తాత ఫిర్యాదులు, ఎంత తాగినా అందులో ఏముందని? నాకైతే చాలు. మీకు ఇంకా కావాలంటే ఆమె పోస్తుంది.”

మర్వా ప్రతినిధి ముసలాయన. ఖాళీ దల్లా వైపు చూశాడు. చూసి చూసి, ఆపుకోలేక నవ్వాడు. సాయంత్రం ఐదింటికి సంతకాలయ్యాయి.

సంతకాలయ్యాక ధారీ అంగరక్షకులను బయటే నిలబెట్టి నడవాలోకి వచ్చాడు. గహ్వా పొయ్యి పక్కన బెంచీ మీద నాగూరమ్మ కూర్చుని ఉంది. ఆయన ఆమె పక్కనే కూర్చున్నాడు. సాలెహ్ చావుష్ కంగారుగా లేచి దూరంగా పోయాడు.

“గూరా, ఆ మిరపకాయలు గుర్తున్నాయా? మేడ మీద?” అని అడిగాడు నవ్వుతూ.

నాగూరమ్మ కొంగు చివర మడతలు సర్దుకుంది.

“నా జ్వరం? నీ పచ్చచీర కొంగు చించేశాను కదా. మా అమ్మమ్మ తిట్టింది నన్ను.” నవ్వు కొంచెం తగ్గింది. “నువ్వు వెళ్ళిపోయిన రోజు? నా చెప్పు ఒకటి పోయింది.”

“ల్యా నాయనా,” అంది ఆమె తనకొచ్చిన అరబ్బీలోనే. దాచకుండా అంతా చెప్పింది. టోపీ, పాకం, వేలిముద్ర, హుసేనమ్మ, రెండు వందల పన్నెండు పేజీలు. “మీ ఇంటి గుట్టు ఇచ్చేసినా. నిన్ను గూడా ఇచ్చేసినా. ఒగ ఫింజాన్ మాత్రమే మిగిలింది. నన్ను తిట్టు, పడతా.”

“నన్ను కూడానా?” అన్నాడు ధారీ, గొంతు తగ్గించి. పటకారుతో పొయ్యిలో బొగ్గులు ఎగదోశాడు. నడవా చివర నిలబడ్డ హైమవతి గుండె చిక్కబట్టుకుంది. దేశాల సంగతి సరే, ఈ మనిషి ఈమెను క్షమిస్తాడా?

“నా దగ్గర ఉన్నాయి కదా,” అన్నాడు ఆయన చివరికి. “నీవి పోతే నావి ఉన్నాయి. ఆ యంత్రం నన్ను అడగలేదు.”

పొయ్యి మీదున్న వేడి దల్లాను ఎడమచేత్తో ఎత్తాడు. మంత్రిగారు గహ్వా పోయడం అలవాటు తప్పి పళ్ళెంలో కాస్త ఒలకబోశాడు. యాలకుల వాసన నడవాలో పాకింది. ఆ వాసన తనకెందుకు ఇంత ఇష్టమో నాగూరమ్మకు తెలియలేదు.

“మా ఇంటి తలుపు నీలం రంగు,” అని మొదలుపెట్టాడు ధారీ.

ఆమె ఒక గుక్క తాగి వింది. ఎవరో దూరపు చుట్టాల కథ విన్నట్టుంది. వాళ్ళెవరో మంచివాళ్ళలాగే ఉన్నారు. మిరపకాయలు కొరికిన పిల్లవాణ్ణి తలుచుకుని నవ్వింది, జ్వరం దగ్గర అయ్యో అంది. ఫింజాన్ ఖాళీ అయింది. ఆయన పోశాడు. ఇంకొకటి చెప్పాడు. మళ్ళీ ఖాళీ అయింది. గుమ్మం దగ్గరికి ఎవరో వచ్చి, విమానానికి టైమవుతోందని మెల్లగా గుర్తుచేసి వెళ్ళారు.

ధారీ దల్లా పట్టుకుని ఆగాడు. “సాలా గూరా?”

నాగూరమ్మ ఖాళీ ఫింజాన్‌ను రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకుని ఆయన ముందుకు చాపింది.